బానిస ఎవరు? చట్టం చూపు, కథ చూపు

గత నెల ఒక ఆదివారం సాయంత్రం పామిడిలో పదిహేనుమందిమి కూర్చుని ఒక కథ విన్నాం. చదివింది కొత్తగా రాస్తున్న ఒక యువకుడు. బోరు ఎండిపోయి, శెనక్కాయ పంట చేతికి రాక, అప్పు మీద అప్పు పెరిగి, ఒక రైతు కుటుంబంలోని ఇల్లాలు కువైట్‌కు పోతుంది. ఆమె పాస్‌పోర్టు ఇంటి యజమాని బీరువాలోకి పోతుంది. తెల్లవారుజామున మొదలైన చాకిరీ అర్ధరాత్రికి గానీ ముగియదు. రెండేళ్ళ తర్వాత ఆమె తప్పించుకుని మన రాయబార కార్యాలయం మెట్లెక్కుతుంది. ఆమెను పంపిన ఏజెంటును పోలీసులు పట్టుకుంటారు. ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. చివరి వాక్యంలో రచయిత ఆమెను బానిస అంటాడు.

చర్చ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. వకీలు మిత్రుడొకరు లేచి, "కథ బాగుంది గానీ ఆ మాట నిలవదు. ఆమెను ఎవరూ కొనలేదు, అమ్మలేదు. తానే ఇష్టపడి సంతకం పెట్టింది. జీతం తక్కువిచ్చారు, పాస్‌పోర్టు దాచారు. ఇవి తప్పులే, బానిసత్వం మాత్రం కాదు" అన్నాడు. ఇంకో మిత్రుడు దీనికి పూర్తిగా ఎదురు తిరిగాడు. "చట్టం పాలకవర్గాల పనిముట్టు. దాని అనుమతి తీసుకుని మనం కథలు రాయాల్నా?" అన్నాడు. యువరచయిత ఇద్దరి మధ్యా నలిగిపోయాడు.

అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒకామె మాట్లాడింది. కువైట్‌లో ఆరేళ్ళు ఇంటిపని చేసి వచ్చినామె. "నన్ను ఒగ దెబ్బ గూడా కొట్టల్యా సామీ. అన్నం గూడా పెట్టినారు. కానీ బీగంచెవి వాళ్ల కాడుండె, అప్పు పత్రం ఈడ ఊర్లో ఉండె. యాడికీ పోయేదానికి లేకపాయె. దాన్ని ఏమంటారో మీరే చెప్పండి" అంది.

ఆమె ప్రశ్నకు ఆరోజు మాలో ఎవరమూ సరైన జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం.

1

వకీలు మిత్రుడి వాదన అంతా 'ఇష్టం' అనే మాట మీద నిలబడి ఉంది. ఈ మాటతో తెలుగువాళ్ళకు పాత అనుభవం ఉంది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు చట్టం 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది మారిషస్ చెరకు తోటలకు భారతీయ కూలీలను ఒప్పందం మీద ఓడలకెక్కించడం ఊపందుకుంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి బయల్దేరిన 'ట్రూరో' ఓడ కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత వరసగా పోయిన ఓడల్లో తెలుగు జిల్లాల జనం వేలమంది ఉన్నారు. వాళ్ళను ఎవరూ సంతలో కొనలేదు. కాగితం మీద వేలిముద్ర ఉంది. పని మానితే జైలు అని కూడా ఆ కాగితంతో వచ్చిన చట్టంలోనే ఉంది. వేలిముద్ర ఉంది గనక అది స్వేచ్ఛాశ్రమ అని ప్రభుత్వం చెప్పుకుంది. ఈ ఓడలు ఆగడానికి 1917 దాకా పట్టింది.

1876-78 ధాత కరువు మన దత్తమండలాలను ఊడ్చిపెట్టినప్పుడు, కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. అటువంటి రోజుల్లో వేలిముద్ర వేసినవాడి ఇష్టాన్ని ఏ తక్కెడలో తూచగలం?

మన నేలమీద దీనికి ఓడ కూడా అక్కరలేదు. పెళ్ళికో చావుకో తండ్రి తెచ్చిన అప్పు కింద కొడుకు జీతానికి కుదురుతాడు. ఉగాది నుంచి ఉగాదికి లెక్క. జబ్బుచేసి పడుకున్న రోజులు అప్పులోకి చేరతాయి. తప్పిపోయిన గొర్రె అప్పులోకి చేరుతుంది. పని మాత్రం అప్పులోంచి తీసివేతకు రాదు. ఈ పద్ధతిని వర్ణించమని ఎవరైనా రాయలసీమ కథకుణ్ణి అడిగితే ఒక పెద్ద కథ రాస్తాడు. 1956లో జెనీవాలో కుదిరిన అనుబంధ ఒప్పందం దాన్ని రెండే షరతుల్లో చెప్పింది: చేసిన పని విలువ అప్పులోకి జమ కాకపోయినా, ఆ పని ఎంతకాలమో ఏ రకమో హద్దు లేకపోయినా, అది రుణదాస్యం, బానిసత్వంతో పాటు రద్దు కావలసిన పద్ధతి. ఇష్టపడి కుదిరాడా లేదా అనే ప్రశ్న ఆ నిర్వచనంలో లేదు.

కాబట్టి చట్టాన్ని ముట్టుకోనంటున్న మిత్రుడితో నేను ఏకీభవించను. చట్టంలోకి కొన్ని మంచి మాటలు వచ్చాయంటే అవి పాలకుల దయవల్ల రాలేదు. వాటి వెనక ఎందరి ప్రాణాలో ఉన్నాయి. వాటిని ఎదుటివాడి ఆస్తి అని వదిలేసుకోవడం మన నష్టం.

2

అంతర్జాతీయ న్యాయం బానిసత్వాన్ని కేవలం రద్దు చెయ్యడంతో ఆగక, బానిసలుగా చేసినవాణ్ణి బోనులో నిలబెట్టడం న్యూరెంబర్గ్‌తో మొదలైందనవచ్చు. ఆక్రమిత దేశాల నుంచి లక్షలాది మందిని జర్మనీ కర్మాగారాలకు తోలిన ఫ్రిట్జ్ సౌకెల్‌ను 1946 అక్టోబరులో ఉరితీశారు. ఆ మనుషులతో తుపాకులు తయారు చేయించుకున్న ఆల్ఫ్రెడ్ క్రుప్‌కు అమెరికన్ సైనిక న్యాయస్థానం 1948లో పన్నెండేళ్ళ శిక్ష, ఆస్తి జప్తు విధించింది. 1951లో ఆయన బయటికొచ్చాడు, ఆస్తీ తిరిగొచ్చింది. కూలీలను తోలినవాడికి ఉరి, వాళ్ళ శ్రమతో లాభం చేసుకున్నవాడికి మూడేళ్ళలో క్షమాభిక్ష. ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి. మన కథలో ఏజెంటు గతి, అసలు లాభం పొందినవాళ్ళ గతి విడదీసి చూడడానికి ఇది పనికొస్తుంది.

ఆ తర్వాత యాభై ఏళ్ళకు బోస్నియా యుద్ధం. ఫోచా పట్టణంలో సైనికులు ఆడవాళ్ళను, పసిపిల్లలను ఇళ్ళలో నిర్బంధించి అత్యాచారాలు చేశారు, ఇంటిపనులు చేయించుకున్నారు. హేగ్‌లోని యుగోస్లావియా న్యాయస్థానం 2001 ఫిబ్రవరి 22న కునరాట్స్, మరి ఇద్దరి కేసులో తీర్పు చెప్పింది. 'యాజమాన్య హక్కుకు చెందిన అధికారాలలో ఏదైనా ఒక మనిషి మీద చెలాయించడం' బానిసత్వమని 1926 నాటి నిర్వచనం. అంటే ఏమిటో ఈ తీర్పు విప్పి చెప్పింది. కదలికల మీద అదుపు, మనసు మీద అదుపు, పారిపోకుండా చేసే ఏర్పాట్లు, బెదిరింపు, ఎంతకాలం సాగిందన్నది, లైంగికత మీద అదుపు, బలవంతపు చాకిరీ - ఇవన్నీ గుర్తులు. సంతలో అమ్మకం జరగనక్కరలేదు. 2002లో అప్పీలు న్యాయస్థానం ఇంకో మెట్టు ఎక్కి, బాధితురాలు ఒప్పుకోలేదని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యనక్కరలేదని కూడా చెప్పింది.

ఆ తీర్పులో ఒక చిన్న విషయం ఉంది. నిర్బంధంలో ఉన్న బాలికల చేతికి ఒక దశలో ఇంటి తాళంచెవి ఇచ్చారు. మరి వాళ్ళు స్వేచ్ఛగా ఉన్నట్టేనా? కాదంది న్యాయస్థానం. తలుపు తీసుకుని బయటికొచ్చినా వాళ్ళకు పోవడానికి చోటు లేదు, దాక్కోవడానికి చోటు లేదు. కాబట్టి తాళంచెవి చేతిలో ఉన్నా వాళ్ళు బానిసలే.

పామిడిలో ఆమె అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. బీగంచెవి ఎవరి దగ్గరున్నదన్నది ఒక గుర్తు మాత్రమే. పోయేదానికి చోటుందా లేదా అన్నది అసలు ప్రశ్న. ఆమె మాటల్లో కూడా బరువంతా 'యాడికీ' అన్నదాని మీదే ఉంది.

ఇది చదివినప్పుడు నాకు బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' సినిమా గుర్తొచ్చింది. 1920ల నాటి తెలంగాణ గడీలో కమలాక్షి అనే దాసి. ఆమెకు సంకెళ్ళు లేవు. గడీ వాకిలి తెరిచే ఉంటుంది. ఆమె వచ్చిపోతుంటుంది, నీళ్ళు మోస్తుంది, ఊడుస్తుంది, దొర పిలిస్తే పోతుంది. దొరవల్ల కడుపొస్తే, అది ఉండాలా పోవాలా అన్నది ఆమె చేతిలో లేదు. సినిమాలో ఉపన్యాసం లేదు. చాకిరీ ఎంతసేపు సాగుతుందో అంతసేపు మనల్ని చూడనిస్తుంది. హేగ్ న్యాయస్థానం 2001లో జాబితాగా రాసినదాన్ని మన తెలుగు సినిమా పదమూడేళ్ళ ముందే ఒక ఆడమనిషి ఒంటి మీద చూపించింది. 2021 ఫిబ్రవరిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఉగాండాకు చెందిన డొమినిక్ ఆంగ్వెన్‌ను బానిసత్వం, లైంగిక బానిసత్వంతో పాటు బలవంతపు గర్భం అనే నేరానికి కూడా దోషిగా తేల్చింది. కమలాక్షి విషయంలో బలవంతపు గర్భస్రావం, అక్కడ బలవంతపు గర్భం. రెండింటిలోనూ కడుపు యజమాని సొత్తు. కళ ముందు చూసినదాన్ని చట్టం తర్వాత గుర్తించింది. రచయితలు చట్టానికి భయపడనక్కరలేదనడానికి ఇది చాలు.

3

ఇక అంతర్జాతీయ న్యాయం పరిమితి. 1998 రోమ్ ఒప్పందం బానిసత్వాన్ని మానవాళిపై నేరాల్లో చేర్చింది, మనుషుల అక్రమ తరలింపును ప్రత్యేకంగా పేర్కొంది. 2024 డిసెంబరులో ఆ కోర్టు ప్రాసిక్యూటర్ కార్యాలయం బానిసత్వ నేరాల మీద ఒక విధాన పత్రాన్ని కూడా వెలువరించింది. మంచిదే. కానీ ఆ నేరం రుజువు కావాలంటే పౌర జనాభా మీద విస్తృతమైన లేదా క్రమబద్ధమైన 'దాడి' ఉండాలి. దాని వెనక ఒక రాజ్యం విధానమో, ఒక సంస్థ విధానమో ఉండాలి. దాడి అంటే సైన్యమే రానక్కరలేదని కోర్టు నియమాలే చెబుతాయి. అయినా ఎవరో ఒకరు పనిగట్టుకుని చేసినదై ఉండాలి.

అనంతపురం మీద ఎవరు దాడి చేశారు? ఏడాదికి అయిదువందల యాభై మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అదీ పడాల్సినప్పుడు పడదు. వెయ్యి అడుగులు తవ్వినా నీళ్ళు పడని బోర్లు. బ్యాంకు అప్పు చాలక నూటికి మూడు రూపాయల వడ్డీ. సుగ్గికి బెంగళూరుకు పోయే బస్సులు. కదిరి ప్రాంతపు ఆడవాళ్ళను ఢిల్లీ, ముంబై, పూణే వ్యభిచార గృహాలకు చేర్చిన దళారులు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయే ఇల్లాళ్ళు. ఇందులో కత్తి పట్టినవాడు ఒక్కడూ కనబడడు. ఫోచాలో పోవడానికి చోటు లేకుండా చేసింది తుపాకి. ఇక్కడ చోటు లేకుండా చేసేది అప్పు. హేగ్ న్యాయస్థానం తుపాకిని చూసింది. అప్పును చూసే కన్ను దానికింకా రాలేదు.

చూడదలుచుకున్నా అధికారం లేదు. 1998లో రోమ్‌లో ఓటింగు జరిగినప్పుడు మన దేశం తటస్థంగా ఉండిపోయింది, ఈనాటికీ అందులో చేరలేదు. కువైట్, సౌదీ అరేబియా సహా ఆరు గల్ఫ్ రాజ్యాల్లో ఒక్కటీ సభ్యురాలు కాదు. ఇంటిపనివారి హక్కుల కోసం 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందాన్ని అటు కువైట్ గానీ ఇటు భారతదేశం గానీ ఆమోదించలేదు. పంపే రాజ్యానికి డాలర్లు కావాలి, పిలిచే రాజ్యానికి చౌక శ్రమ కావాలి. ఇద్దరి మౌనమూ ఒకచోట కలుస్తుంది.

దీన్ని సాహిత్యంలో అందరికంటే పదునుగా పట్టుకున్నవాడు మలయాళ రచయిత బెన్యామిన్ అని నా అభిప్రాయం. ఆయన 2008 నవల 'ఆడుజీవితం' 2024లో సినిమాగా వచ్చాక మనవాళ్ళకూ బాగా తెలిసింది. ఎడారిలో మేకల మధ్య మేకగా మిగిలిన నజీబ్ బాధ చూసి అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. నన్ను మాత్రం నవల చివరలోని జైలు ఘట్టం వదలడం లేదు. పారిపోయిన పనివాళ్ళను గుర్తుపట్టి తీసుకుపోవడానికి యజమానులు జైలుకొస్తారు. నజీబ్ యజమానీ వస్తాడు, చూస్తాడు, వెళ్ళిపోతాడు. ఎందుకు? నజీబ్ అతని వీసా మీద వచ్చినవాడు కాదు. విమానాశ్రయంలో దారితప్పించి పట్టుకుపోయిన మనిషి. తన వీసా మీదివాడే అయితే మళ్ళీ ఈడ్చుకుపోయేవాణ్ణన్నది ఆ యజమాని మాట. అంటే అక్రమంగా బానిసైనవాడు బతికిపోయాడు. సక్రమంగా బానిసైనవాళ్ళను చట్టమే తిరిగి యజమాని చేతికి అప్పగించింది. కఫాలా పద్ధతి మీద వెయ్యి నివేదికలు చెప్పలేనిది ఈ ఒక్క ఘట్టం చెబుతుంది. బానిసత్వం ఎల్లప్పుడూ చట్టం అవతలే ఉంటుందన్న భ్రమను అది పగలగొడుతుంది.

4

మన చట్టం సంగతి చూద్దాం. వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్సు 1975 అక్టోబరులో, చట్టం 1976 ఫిబ్రవరిలో వచ్చాయి. అవి అత్యవసర పరిస్థితి రోజులు. వెట్టి గురించి రాసిన రచయితలు జైళ్ళలో ఉండగా వెట్టి రద్దయింది! అయినా ఆ చట్టంలో ఒక గొప్ప మాట ఉంది: వెట్టికి మూలమైన అప్పు రద్దయినట్టే. దోషికి శిక్ష మాత్రం మూడేళ్ళు, జరిమానా రెండు వేల రూపాయలు మించదు. ఆ రెండు వేలు ఇప్పటికీ రెండు వేలే.

1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. రాజ్యాంగం 23వ అధికరణంలో బలవంతపు చాకిరీ అంటే కొట్టి చేయించేదే కాదు, ఆకలి, పేదరికం వేరే దారి లేకుండా చేసినప్పుడు కనీస వేతనం కంటే తక్కువకు చేసే పని కూడా బలవంతపు చాకిరీయేనని జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. ఆకలి కూడా ఒక బలప్రయోగమే. ఫరీదాబాద్ రాతిగనుల కార్మికుల కోసం బంధువా ముక్తి మోర్చా వేసిన కేసులో, మరుసటి ఏడాది చివర, బలవంతపు చాకిరీ ఉందని తేలితే అది అప్పు కిందే జరిగిందని కోర్టు అనుకోవాలనీ, కాదని చూపే భారం యజమానిదేననీ చెప్పారు.

పోవడానికి చోటు లేకపోవడమే బానిసత్వమని 2001లో హేగ్ చెప్పింది. ఆకలి, లేమి మనిషికి చోటు లేకుండా చేస్తాయని 1982లో ఢిల్లీ చెప్పింది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే పామిడిలో ఆమె అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు వస్తుంది. ఆమె బానిసే. మన వకీలు మిత్రుడు ఈ రెంటినీ కలిపి చదవలేదు. నిజానికి చట్టమే ఇంతవరకు కలిపి చదవలేదు.

చదవకపోగా వెనక్కి కూడా నడిచింది. మనుషుల అక్రమ తరలింపు మీద ఐక్యరాజ్య సమితి 2000లో చేసిన ఒప్పందాన్ని భారతదేశం 2011లో ఆమోదించింది. నిస్సహాయ స్థితిని వాడుకోవడం కూడా తరలింపు సాధనమేనని ఆ ఒప్పందం చెబుతుంది. నిర్బంధ శ్రమ దోపిడీయేనని చెబుతుంది. 2013లో మన శిక్షాస్మృతి 370వ సెక్షనును మార్చినప్పుడు నిస్సహాయ స్థితి అనే మాట రాలేదు. దోపిడీ వివరణలో బానిసత్వం, దాస్యం ఉన్నాయి. నిర్బంధ శ్రమ అనే మాట లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షనులో భిక్షాటనను కొత్తగా చేర్చారు గానీ నిర్బంధ శ్రమను చేర్చలేదు. ఒక మాట చేర్చకపోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ ఇటుకబట్టీ యజమాని, కాంట్రాక్టరు, అప్పిచ్చినవాడు తప్పించుకునే దారి సరిగ్గా ఆ మాట లేనిచోటే ఉంటుంది.

5

ఇప్పుడు యువరచయిత కథకు వస్తాను. 'బానిస' అనే మాట వాడినందుకు నేను అతన్ని తప్పు పట్టను. ఆ మాటను సంపాదించుకోకుండా వాడినందుకు తప్పు పడతాను. ఏజెంటు అరెస్టుతో కథ ముగించడం ద్వారా అతను చట్టం ఊహను అరువు తెచ్చుకున్నాడు. ఒక దుష్టుడు, ఒక బాధితురాలు, ఒక అరెస్టు. క్రిమినల్ చట్టం స్వభావమే అది; దానికి ఒక ముద్దాయి కావాలి. కథకు ముద్దాయి ఒక్కడే కానక్కరలేదు. ఏజెంటు జైలుకు పోయాడు సరే, ఊళ్ళో అప్పు పత్రం ఏమైంది? రెండేళ్ళ వడ్డీ ఎంతైంది? ఆమె తిరిగొచ్చిన తెల్లారి తలుపు కొట్టింది ఎవరు? కథ ఆగిన చోటే అసలు కథ మొదలు కావాలి. చట్టం కంటే ఎక్కువ చూడవలసిన కథ ఇక్కడ చట్టమంత కూడా చూడలేదు.

ఈ మాట పెద్దరికంతో అనడం లేదు. ముప్ఫై ఏళ్ళ కింద నేనూ ఒక జీతగాడి కథ రాశాను. అందులో రెడ్డి మీసం దువ్వుతాడు, కొరడా తీస్తాడు. పిల్లవాడు ఎదురు తిరుగుతాడు. ఎర్రటి సూర్యుడు ఉదయిస్తాడు. మిత్రులు మెచ్చుకున్నారు. తర్వాత మా పక్క ఊరి జీతగాడొకడు విని, "మా రెడ్డి మంచోడు సార్, ఎప్పుడూ తిట్టడు" అన్నాడు. అతని తండ్రీ అక్కడే జీతముండేవాడు. నేను కొరడా కోసం వెతికాను. లెక్కల పుస్తకం చూడలేదు. మంచి యజమాని దగ్గర కూడా బానిసత్వం ఉంటుందన్న సంగతి నా కథకు తెలియలేదు. ఆరేళ్ళలో ఒక దెబ్బ కూడా తినలేదని పామిడిలో ఆమె చెప్పినప్పుడు నాకా జీతగాడే గుర్తొచ్చాడు.

చట్టం అక్కరలేదన్న మిత్రుడికి ఒక మాట. అంతర్జాతీయ న్యాయం బలహీనమైనదే. క్రుప్‌ను విడిచిపెట్టింది, గల్ఫ్ గుమ్మం తొక్కలేదు. అయినా అది మనకు ఒక నిర్వచనాన్ని, ఒక ప్రమాణాన్ని ఇచ్చింది. మన ప్రభుత్వం 189వ ఒప్పందాన్ని ఎందుకు ఆమోదించదని అడగడానికి, నిర్బంధ శ్రమను 143వ సెక్షనులో చేర్చమని అడగడానికి, వెట్టి విముక్తి పొందినవాళ్ళకు రావలసిన పునరావాసం ఏమైందని కలెక్టరు కచేరీ ముందు కూర్చోవడానికి అది పనికొస్తుంది. అయితే అప్పు పుట్టే చోటును, అంటే నీళ్ళు లేని భూమిని, గిట్టుబాటు లేని పంటను, పేదవాడికి తలుపు తియ్యని బ్యాంకును ఏ హేగ్ కోర్టూ బోనెక్కించదు. ఆ పని ప్రజలు చెయ్యాలి. ఆ పని ఎక్కడ మొదలు కావాలో చూపించడం రచయిత బాధ్యత.

యువమిత్రుడు కథను తిరిగి రాస్తానన్నాడు. రాసేముందు వెనక వరసలోని ఆ అమ్మ దగ్గర ఒకపూట కూర్చోమని చెప్పాను. ఎడారి వర్ణన కోసం కాదు. అసలెంత, వడ్డీ ఎంత, ఏ నెలలో ఎంత పంపింది, ఇంకా ఎంత మిగిలింది - ఆ లెక్క ఆమెకు నోటికొచ్చు. ఆ లెక్క కథలోకి వస్తే, చివర బానిస అనే మాట రచయిత రాయకపోయినా పాఠకుడే అంటాడు.